మాఫీ కర్ర

సన్యాసిరాజుకి పోత ఇనుమంటే ఒళ్ళు మంట. ఇనుముని ఎర్రగా కాల్చి, హామర్ కింద పెట్టి, దెబ్బ మీద దెబ్బ వేసి సాగగొడితే అది వస్తువు. కరగబెట్టి అచ్చులో పోసి చల్లారిస్తే అది అతని లెక్కలో ఇడ్లీ. గాజువాక దగ్గర ఒక ఫోర్జింగ్ షాపులో ఏళ్ళ తరబడి ఇన్‌స్పెక్షన్ ఫోర్‌మన్‌గా పనిచేసినవాడు కాబట్టి ఇనుము గురించి అతనేం మాట్లాడినా ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. చిక్కేమిటంటే, మనుషుల గురించి కూడా అలాగే మాట్లాడేవాడు.

షాపులో అతని పని చూడటానికి చాలా చిన్నది. చల్లారిన సరుకు వరసగా పరిచి ఉంటుంది. రాజు చిన్న సుత్తి పట్టుకుని ఒక్కోదాన్నీ తడుతూ నడుస్తాడు. ఖంగున మోగితే మంచిది. మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు. ఆ పగులు కంటికి కనపడనక్కర్లేదు, రాజు చెవికి తెలిస్తే చాలు. "స్క్రాపు," అని ముందుకి పోతాడు. ఆ వస్తువు మీద చెమటోడ్చిన మనిషి వెనకాల నిలబడి బతిమాలుతున్నా, ఇంకోసారి తట్టి చూసిన పాపాన పోలేదు.

ఇంత పెద్దమనిషీ తలొంచే గుమ్మం ఊళ్ళో ఒక్కటుంది. అది అప్ప సూర్యకాంతమ్మ గుమ్మం. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి సాకింది ఆవిడే. పెళ్ళై పోర్టు క్వార్టర్సుకి కాపరానికి వెళ్ళేటప్పుడు ట్రంకు పెట్టెతోపాటు తమ్ముణ్ణీ వెంట తీసుకెళ్ళింది. మొగుడు జగ్గయ్య పోర్టులో క్రేన్ల సెక్షన్ మనిషి. కొత్త కాపరంలో బావమరిది వచ్చి కూర్చుంటే మొహం చిట్లించుకోని మొగుణ్ణి వెతికి పట్టుకోవాలి. ఆవిడకి వెతక్కుండానే దొరికాడు. రాజుని ఫోర్జింగ్ షాపులో అప్రెంటిస్‌గా చేర్పించిందీ ఆ జగ్గయ్యే. అందుకే రాజు ఊరంతటి మీదా నోరు పారేసుకున్నా, అప్ప ఇంటికొస్తే మాత్రం చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, వంటింట్లో పీట వేసుకుని కూర్చునేవాడు. తరవాత పెళ్ళయింది, సొంత ఇల్లూ వచ్చింది, అయినా ఆ పీట మాత్రం అతనిదే. దాన్ని అతను ఎలా పోగొట్టుకున్నాడన్నదే నేను చెప్పబోయేది.

బావా బావమరుదులిద్దరికీ గోల్ఫు అంటించింది ఒక ఇంగ్లీషు ఇంజనీరు. షాపులో కొత్త హామర్ బిగించడానికి వచ్చినవాడు, ఊరి చివర కొండల పక్కనున్న గోల్ఫు మైదానానికి తోడుగా రాజుని లాక్కెళ్ళేవాడు, రాజు బావని లాక్కెళ్ళేవాడు. వెళ్ళిపోతూ తన కర్రల సంచి అతనికి వదిలేసి పోయాడు. అప్పట్లో క్లబ్బుకి సభ్యుల కరువు, కాబట్టి నేవీ ఆఫీసర్ల మధ్యా డాక్టర్ల మధ్యా ఒక ఫోర్‌మన్‌కీ ఒక క్రేన్ల మనిషికీ చోటు దొరికింది.

ఆ సంచిలోని ఐరన్లు, అంటే ఇనప తలకాయలున్న కర్రలు, అన్నీ సాగగొట్టినవే. సన్నటి తల, నున్నటి వీపు. బంతి సరిగ్గా తల మధ్యలో తగిలితే చేతికి ఏమీ తెలీదు. కాస్త పక్కకి తగిలిందా, మోచేతి దాకా జివ్వుమంటుంది, బంతి వెళ్ళి ముళ్ళపొదల్లో పడుతుంది. రాజుకి ప్రాణం లేచొచ్చింది. తప్పు చేసినవాడికి అక్కడికక్కడే శిక్ష వేసే వస్తువు ఇన్నాళ్ళకి దొరికింది.

జగ్గయ్య మాత్రం చాలాకాలం అరువు కర్రలతోనే ఆడాడు. చివరికి తొంభై అయిదులో సొంత సెట్టు కొనుక్కుందామని పాత పోస్టాఫీసు దగ్గర అబ్దుల్ హమీద్ కొట్టుకి వెళ్ళాడు. తోడు రాజు. ఓడల మీద వచ్చే నావికులు అమ్మిపోయే సరుకంతా ఆ కొట్లోనే తేలుతుంది. గడియారాలు, బైనాక్యులర్లు, టేపురికార్డర్ల వెనకనుంచి హమీద్ ఒక సంచి ఈడ్చి తెచ్చాడు. రాజు ఒక ఐరన్ బయటికి లాగి, తిరగేసి, పాముని చూసినట్టు చూశాడు. వీపు ఉండాల్సిన చోట గుంత ఉంది. గుంత అడుగున కంపెనీ పేరుతో ఒక నల్ల బిళ్ళ అంటించి ఉంది.

"ఇదేటి, ఎలకలు గానీ కొరికీసినాయేటి?" అన్నాడు.

"అదే దీని గొప్ప సాబ్," అన్నాడు హమీద్. "మధ్యలో ఇనుము తీసేసి అంచులకి పెట్టినారు. బంతి పక్కకి తగిలినా తల మెలి తిరగదు. అమ్మిన నావికుడు చెప్పినాడు సాబ్, ఇది మన తప్పుని మాఫీ చేసేస్తాదంట."

"మాఫీ," అని రాజు పగలబడి నవ్వాడు. "పోత సరుకు. గుంతెట్టి, బిళ్ళంటించి అమ్మీస్తన్నారు. తప్పు కొట్టినోడికి మాఫీ ఏటి? బంతి పొదల్లోకి పోవాల. ఆడు ముళ్ళల్లో ఎతుక్కోవాల. అప్పుడు గానీ బుద్ధి రాదు."

జగ్గయ్య ఐరన్ని చేతిలో ఊపి చూసుకున్నాడు. "నాను ఆడేది పొద్దుటి గాలి కోసం రా రాజూ. నాకు మాఫీయే బాగున్నాది," అని కొనేశాడు.

ఆ రోజునుంచి రాజుకి కడుపుమంట మొదలైంది. జగ్గయ్య ఆటగాడు కాదు. నడుం వంగదు, చూపు బంతి మీద నిలవదు. అయినా అతను ఎక్కడ తగిలించినా బంతి బుద్ధిగా వెళ్ళి గ్రీన్ మీద, అంటే జెండా పాతిన నున్నటి పచ్చిక మీద, కూర్చునేది. రాజు పదిసార్లు కచ్చితంగా కొట్టి పదకొండోసారి వెంట్రుకవాసి తప్పితే పొదల్లో వెతుక్కునేవాడు. ఇది న్యాయమా? రాజుకి ఎంత ఆలోచించినా న్యాయంగా కనపడలేదు. అందుకని జగ్గయ్య తప్పు కొట్టినప్పుడల్లా మైదానం దద్దరిల్లేలా "మాఫీ" అని అరవడం మొదలుపెట్టాడు. సంచులు మోసే క్యాడీలకి ఆ మాట భలే నచ్చింది. నెల తిరిగేసరికి గుంత వీపు ఐరన్లన్నిటికీ మాఫీ కర్రలనే పేరు స్థిరపడింది. వాటితో ఆడేవాళ్ళు మాఫీగాళ్ళయ్యారు. జగ్గయ్య మొదట్లో నవ్వేవాడు. తరవాత నవ్వడం మానేశాడు, అది గమనించినా రాజు అరవడం మానలేదు.

తొంభై ఏడు క్లబ్బు కప్పు ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. చివరి హోల్‌కి, అంటే బంతి వెయ్యాల్సిన ఆఖరి గుంటకి, వచ్చేసరికి జగ్గయ్యది పైచేయి. రాజు మొహం కందగడ్డలా ఉంది. ఒక మాఫీగాడి చేతిలో, అదీ ఊరందరూ చూస్తుండగా, అతను ఓడిపోబోతున్నాడు.

అంతకుముందు హోల్లో ఒక సంగతి జరిగింది. ఎర్రమట్టిలో దాక్కున్న రాయికి జగ్గయ్య సెవెన్ ఐరన్, అంటే సెట్టులో ఏడో నంబరు కర్ర, టంగున తగిలింది. నిప్పురవ్వ లేచింది. జగ్గయ్య కర్ర తల తుడిచి చూసుకుని, అదే కర్రతో ఇంకో దెబ్బ కొట్టి హోల్ ముగించాడు. అది రాజు మనసులో పడి ఉంది. చివరి హోల్ మొదలుపెట్టబోతుంటే రాజు వెళ్ళి బావ సంచిలోంచి ఆ సెవెన్ ఐరన్ బయటికి లాగాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీశాడు. షాపులో ఎలా తడతాడో అలాగే తట్టాడు.

మొద్దుగా మోగింది.

ఇక్కడ రాజు పక్షాన ఒక్క మాట చెప్పాలి. అతను అబద్ధమాడలేదు. ఆ చెవికి వినపడింది వినపడినట్టే చెప్పాడు.

"పగిలిపోనాది," అన్నాడు. "లోపల పగులున్నాది. పగిలిన కర్రతో ఆడినాడు."

క్లబ్బు కార్యదర్శి రిటైరైన నేవీ ఆఫీసరు. ఆట మధ్యలో కర్ర రూపు చెడితే దానితో ఇంకో దెబ్బ కొట్టకూడదన్నది వాళ్ళ కప్పు నిబంధన. పగులు ఎక్కడుందో ఎవరికీ కనపడలేదు. కానీ రాజు చెవి గురించి ఊళ్ళో తెలియనిదెవరికి? కమిటీవాళ్ళు ముగ్గురు ఐరన్ని అటూ ఇటూ తిప్పి, గుసగుసలాడుకుని, రాజు మొహం వైపు చూశారు.

"ఇది కొత్తలో కూడా ఇలగే మోగినాది," అన్నాడు జగ్గయ్య.

"అయితే కొత్తలోనే పగిలినాది," అన్నాడు రాజు.

అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే తీర్పు అయిపోయింది. జగ్గయ్యని ఆటలోంచి తీసేశారు. కప్పు రాజుకిచ్చారు. వరండాలో గోడకున్న చెక్క పలక మీద ఆ ఏడాది పక్కన బంగారు అక్షరాలతో అతని పేరు రాయించారు. జగ్గయ్య సంచి భుజానికి తగిలించుకుని ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సూర్యకాంతమ్మ వచ్చింది. లోపలికి రమ్మని రాజు పెళ్ళాం గంగాభవాని చెయ్యి పట్టుకున్నా గడప బయటే నిలబడింది.

"ఆయన్ని నలుగురిలో దొంగని సేసినావు," అంది తమ్ముడితో.

"నాను దొంగనలేదు అప్పా. పగిలినదాన్ని పగిలిందన్నాను."

"మా ఆయన కర్ర పగల్లేదు తమ్ముడా. నీ సెవే పగిలిపోనాది." ఆవిడ రెండు చేతులూ చాచి చూపించింది. "నాను నిన్ను ఈ సేతుల్తో పెంచినాను. ఇంక నా గుమ్మం తొక్కీకు."

రాజు బింకంగా నిలబడ్డాడు. తనది న్యాయం. న్యాయం చెప్పినవాడికి గుమ్మాలు మూసుకుంటే మూసుకోనీ అనుకున్నాడు. అలా అనుకుంటూ ఏళ్ళు గడిపేశాడు. జగ్గయ్య రిటైరై క్వార్టరు ఖాళీ చేసి కంచరపాలెంలో చిన్న ఇల్లు కట్టుకున్నాడని, గృహప్రవేశమైందని ఇతరుల నోట విన్నాడు. మైదానంలో ఎదురుపడితే ఇద్దరూ చెరో వైపు చూసేవాళ్ళు. జగ్గయ్య అదే సెట్టుతో, అదే పగిలిందన్న సెవెన్ ఐరన్‌తో, అన్నేళ్ళూ ఆడాడు. అది ఒక్క ముక్క కూడా ఊడలేదు. రాజు అది చూశాడు. చూసి, పోతలో పగుళ్ళు మెల్లగా పాకుతాయిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఈలోగా చేతులు మొండికేశాయి. అప్రెంటిస్ రోజులనుంచీ హామర్ల అదురు పడీ పడీ వేళ్ళు తెల్లగా పాలిపోయి తిమ్మిరెక్కేవి. చలికాలం చొక్కా గుండీలు కూడా గంగాభవానే పెట్టేది. సాగగొట్టిన ఐరన్ పక్కకి తగిలితే ఒకప్పుడు జివ్వుమనేది, ఇప్పుడు మణికట్టు విరిగినట్టుండేది. ఇక మీదట ఇలాంటి కర్రలు పట్టుకుంటే చేతులే ఉండవన్నాడు డాక్టరు. అదివరకు అతని ముందు నిలబడలేనివాళ్ళు కూడా అతన్ని ఓడించి, పైగా జాలిగా భుజం తట్టడం మొదలుపెట్టారు. ఓడిపోవడం అతను భరించగలడేమో గానీ ఆ భుజం తట్టడం భరించలేడు. ఆట మానేస్తే ఆదివారాలు ఏం చెయ్యాలి? పీట వేసుకుని కూర్చోడానికి వంటిల్లా లేదు.

రెండువేల అయిదులో ఒక మధ్యాహ్నం హమీద్ కొట్లోకి దొంగలా దూరాడు. హమీద్ గడ్డం నెరిసింది, జ్ఞాపకం మాత్రం నెరవలేదు.

"మాఫీ కర్రలేనా సాబ్?" అన్నాడు.

"మెల్లగా," అన్నాడు రాజు.

కొత్త సెట్టు ఇంటికి తెచ్చి, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చున్నాడు. అతని పథకం ఏమిటో వింటే మీరు నమ్మరు. ఆ గుంతల్ని పూడ్చేస్తాడట. పైపు లీకులకి పెట్టే లప్పం, రెండు ముద్దలు కలిపి పిసికితే రాయిలా గట్టిపడేది, గుంతలో కూరి, ఎమెరీ కాగితంతో రుద్ది, పైన వెండిరంగు వేస్తే చూసేవాళ్ళకి నున్నటి వీపే కనపడుతుంది. ఇంగ్లండునుంచి తెప్పించిన సాగగొట్టిన సరుకని చెప్పొచ్చు. జీవితమంతా దాచిన పగుళ్ళని పట్టుకున్న మనిషి ఇప్పుడు తనే ఒకటి దాచడానికి కూర్చున్నాడు.

లప్పం పట్టాలంటే ముందు అడుగున అంటించిన నల్ల బిళ్ళ ఊడదీయాలి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తాడు. అది రేకు కాదు, మందపాటి రబ్బరు. జిగురుతో గట్టిగా అంటుకుని ఉంది. దాన్ని లాగి పారేసి, చేతి అలవాటు చొప్పున స్క్రూడ్రైవర్ పిడితో ఐరన్ని తట్టాడు.

ఖంగున మోగింది.

ఇంకో ఐరన్ తీశాడు. బిళ్ళ ఉండగా తట్టాడు. మొద్దుగా మోగింది. బిళ్ళ ఊడదీసి తట్టాడు. గుళ్ళో గంటలా మోగింది. మోత చేతికి అదరకుండా, చెవికి గుచ్చుకోకుండా ఆ రబ్బరు పెట్టారు. అంతే సంగతి. పగులూ లేదు, పాడూ లేదు. కొత్తలో కూడా ఇలాగే మోగిందని బావ చెప్పింది అక్షరాలా నిజం. ఆ మాటకే కదా అందరూ నవ్వారు. నవ్వించింది తనే కదా.

ఆ క్షణాన లేచి కంచరపాలెం వెళ్ళి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. రాజు లేవలేదు. సిగ్గు, దాని మీద కోపం, ఇంత చిన్న రబ్బరు బిళ్ళ తనని వెధవని చేసిందన్న ఉక్రోషం. జగ్గయ్య మీద కూడా కోపమొచ్చింది, ఆ రోజు గట్టిగా ఎందుకు పోట్లాడలేదని. లప్పం పిసికాడు. గుంతలన్నీ పూడ్చేశాడు. రంగు వేశాడు. ఆరాక ఒకటి తట్టి చూస్తే మళ్ళీ మొద్దుగానే మోగింది.

మరుసటి ఏడాది కప్పుకి చీటీలు తీస్తే రాజు పక్కన జగ్గయ్య పేరు వచ్చింది. మాటల్లేని ఇద్దరి మధ్య ఎవరు లెక్క చూస్తారని కార్యదర్శే స్వయంగా వెంట నడిచాడు. రాజు సంచి మోసే క్యాడీ వరహాలు, మీసాలు నెరిసినవాడు, ఆ మౌనానికి భయపడి దగ్గడం కూడా మానేశాడు. జగ్గయ్యకి డెబ్భై దగ్గర పడింది. నడక కాస్త ఒంగింది. చేతిలో మాత్రం అదే పాత సెవెన్ ఐరన్.

సగం ఆట అయ్యాక, ఎండకి బిర్రబిగిసిన నేలమీద రాజు తన సెవెన్ ఐరన్‌తో బలంగా కొట్టాడు. తల నేలకి తగిలి అదిరింది. వీపులోంచి వెండిరంగు ముక్క ఒకటి ఎగిరి, గింగిరాలు తిరిగి, జగ్గయ్య బూటు ముందు పడింది. రబ్బరు జిగురు సరిగ్గా గీకకుండా లప్పం పెట్టాడు మరి. షాపులో ఇంకొకడెవడైనా అలాంటి పని చేసి ఉంటే రాజు వాడి వంశాన్నంతా తిట్టేవాడు.

ముందు నడుస్తున్న కార్యదర్శి వెనక్కి తిరిగాడు. "ఏమైంది? ఏదో పడ్డట్టుందే?"

జగ్గయ్య వంగి ముక్క తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గుంత ఆకారం దాని మీద అచ్చుగుద్దినట్టుంది. రాజు చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. రాజు వదిలేశాడు, వేళ్ళకి పట్టు లేదు. జగ్గయ్య ఖాళీ గుంత చూశాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి తట్టాడు. ఖంగుమంది. తన సెవెన్ ఐరన్ తట్టాడు. మొద్దుగా మోగింది. రాజు కర్రలో రబ్బరు బిళ్ళ చోటు ఖాళీగా, తన కర్రలో బిళ్ళ అంటుకునే ఉండటం చూశాడు. ఆ తరవాత రాజు కళ్ళలోకి చూశాడు, తొంభై ఏడు తరవాత మొదటిసారి.

అంతా అర్థమైందని రాజుకి తెలిసిపోయింది. ఆట మధ్యలో కర్ర రూపు చెడింది. అదే కప్పు, అదే నిబంధన, అదే కార్యదర్శి. జగ్గయ్య ఒక్క కేక వేస్తే చాలు. రాజు ఆ కేక కోసం ఎదురుచూశాడు. నిజం చెప్పాలంటే, ఆ కేక కావాలనే కోరుకున్నాడు.

"ఏటీ లేదండి," అన్నాడు జగ్గయ్య కార్యదర్శితో. "మట్టి పెళ్ళ."

ముక్కని రాజు అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. కర్ర తిరిగిచ్చాడు. గొంతు తగ్గించి, "మాఫీ రా," అన్నాడు. "ఆడు."

రాజు ఆడాడు. వరసగా పక్కకి తగిలించాడు. కర్రలు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. ఒక బంతి అంచుకి తగిలి కూడా గ్రీన్ మధ్యకి వెళ్ళి ఆగితే, వెనకనుంచి వరహాలు పాత అలవాటుకొద్దీ "మాఫీ" అని గొణిగాడు. రాజు చెవుల్లో సీసం పోసినట్టయింది. చివరికి ఒక్క హోల్ తేడాతో గెలిచాడు కూడా. జగ్గయ్య చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, రాజు దాన్ని అసహ్యించుకున్నాడు.

వరండాలో టీలూ పకోడీలూ వచ్చాయి. గోడమీద చెక్క పలక, దాని మీద బంగారు పేరు. కార్యదర్శి నవ్వుతూ, "ఎంతైనా సాగగొట్టిన ఇనుము సాగగొట్టిన ఇనుమే, కాదంటారా రాజుగారూ?" అన్నాడు. పక్కనే జగ్గయ్య ఏమీ ఎరగనట్టు టీ ఊదుకుంటున్నాడు. ఆ ఊదుకోవడం చూసేసరికి రాజుకి తల తిరిగిపోయింది. ఇక జీవితాంతం ఈ మనిషి ఇలా టీ ఊదుకుంటూ ఉంటాడు, తను ఇతని దయమీద తలెత్తుకు తిరగాలి.

రాజు లేచి లప్పం ముక్కని టేబులు మీదకి విసిరాడు. పకోడీల పళ్ళెం గలగల్లాడింది.

"ఇది మట్టి పెళ్ళ కాదు. నా కర్రలోది," అన్నాడు. "నాను ఆడతన్నవి మాఫీ కర్రలే. లప్పమెట్టి కప్పెట్టినాను. తొంభై ఏడులో ఈయన కర్ర పగల్లేదు. అందులో రబ్బరున్నాది, అందుకే మొద్దుగా మోగినాది. పోయినేడే నాకు తెలిసినాది. తెలిసి నోరు మూసుకున్నాను. ఆ పేరు సెరిపీయండి. ఇయ్యాల ఆట కూడా నాది కాదు."

రాజు జగ్గయ్య వైపు తిరిగాడు. "నీ మాఫీ నాకక్కర్లేదు. నీకాడే ఉంచుకో."

జగ్గయ్య టీ కప్పు కింద పెట్టాడు. అతని కోపం ఎలా ఉంటుందో ఆ క్లబ్బులో ఎవరూ చూడలేదు, రాజు కూడా చూడలేదు. మొహమంతా ఎర్రబడింది.

"ఆ మాట నా నోట్లోంచి రాడానికి తొమ్మిదేళ్ళు పట్టినాది రా," అన్నాడు. "రాత్రీ పగలూ నీ మీద పళ్ళు నూరినాను. మీ అప్ప ఏడిస్తే తిట్టినాను. ఇయ్యాల ఎలగో ఒకలాగ ఆ మాట అన్నాను. నువ్వు దాన్ని ఒక పూటైనా ఉంచుకోలేకపోనావు. పకోడీల మీద ఇసిరీసినావు."

సంచి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

రాజు అక్కడే నిలబడ్డాడు. తను గెలిచాననుకున్నాడు. తప్పు ఒప్పుకున్నాడు, లెక్క సరిచేశాడు, ఎవరి దయా మిగల్లేదు. మరి గుండెల్లో ఈ పోటేమిటి? స్కూటర్ మీద ఇంటి దారి పట్టినవాడు దారిలో మూడుసార్లు ఆగాడు. ఎన్నో వస్తువుల్ని ఒక్కసారి తట్టి స్క్రాపులో పారేశాడు, ఏదీ వెనక్కి తెచ్చుకోవాలనిపించలేదు. ఇవాళ పారేసింది మాత్రం కావాలి. అది కావాలని ఒప్పుకోవడానికి దారంతా తనని తనే బూతులు తిట్టుకున్నాడు.

సాయంత్రానికి కంచరపాలెంలో ఆ ఇంటి గేటు ముందున్నాడు. భుజాన జగ్గయ్య సంచి. సూర్యకాంతమ్మ మెట్ల మీద కూర్చుని కత్తిపీట ముందు చేపలు తోముతోంది. తమ్ముణ్ణి చూసింది. చెయ్యి ఆగలేదు.

"ఏటికొచ్చినావు?"

"బావ సంచి తెచ్చినాను. ఉన్నాడా?"

"ఉన్నాడు. నీకు లేడు."

రాజు సంచి గేటుకి ఆనించాడు. తిమ్మిరెక్కిన వేళ్ళతో ఊచలు పట్టుకున్నాడు. "పొద్దున బావ నాకో మాటిచ్చినాడు అప్పా. నాను ఇసిరీసినాను. అది నాకు మళ్ళీ కావాల."

సూర్యకాంతమ్మ కత్తిపీట మీదనుంచి తలెత్తింది. లోపల కిటికీ వెనకనుంచి జగ్గయ్య గొంతు వచ్చింది. "ఏ మాటో సెప్పమను."

రాజు నోరు తెరిచాడు. మైదానంలో రెండేళ్ళపాటు గొంతు చించుకుని అరిచిన మాటే. బావ తప్పు కొట్టినప్పుడల్లా నలుగురూ నవ్వేలా అరిచిన మాటే. చేపలకి ముసిరిన కాకులు గోడమీద అరుస్తున్నాయి. పక్కింటివాళ్ళు ఎవరో గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు.

"మాఫీ," అన్నాడు.

"నాకు వినబడనేదు," అన్నాడు జగ్గయ్య. "గ్రవుండులో అరిసీవాడివి కదా, అలగ అను."

రాజు అప్ప వైపు చూశాడు. ఆవిడ కల్పించుకోలేదు. ఆ మొహంలో జాలి కోసం వెతికాడు, కనపడలేదు. ఊచలు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, వీధి చివరిదాకా వినపడేలా ఆ మాట అరిచాడు.

సూర్యకాంతమ్మ పొలుసులంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ లేచి వచ్చి గేటు గడియ తీసింది.